బాబాయ్ గారు వదలని తెడ్డు

మొన్న వాన వెలిశాక నారాయణగూడ దగ్గర నా స్కూటీ వెనక చక్రంలో గాలి దిగిపోయింది. పక్క సందులోనే పంచర్ షాపు. ఇప్పుడన్నీ ట్యూబ్‌లెస్ టైర్లు కదా, ఓ రబ్బరు పుల్ల గుచ్చి రెండు నిమిషాల్లో పంపించేస్తారు. నాది పాత బండి, అందులో ఇంకా ట్యూబే. షాపాయన ట్యూబు బయటికి లాగి గాలి కొట్టి, నీళ్ళ టబ్బులో ముంచి, బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసుకున్నాడు. ఆ చోటు తుడిచి, గరుకుగా రుద్ది, సొల్యూషన్ పూశాడు.

"అమ్మా, గా స్టూలు మీద కూసోండ్రి. జర ఎండాలె" అన్నాడు.

కూర్చున్నాను. కానీ ఆ సొల్యూషన్ వాసన ముక్కుకు తగిలాక నేను నారాయణగూడలో లేను. కౌడియాలా దగ్గర గంగ ఒడ్డున, చల్లటి ఇసుకలో, ఒక కుర్రాడు రాఫ్టుకు, అంటే గాలి తెప్పకు, ప్యాచ్ వేస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నాను. నా పక్కన మా బాబాయ్ గారు. "అచ్చం సైకిల్ ట్యూబే కదయ్యా ఇది! దీన్ని నమ్ముకుని గంగలోకి దిగాలా మేము?" అంటున్నారు.

*

బాబాయ్ గారంటే చుట్టం కాదు. హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిటర్ గారి దగ్గర నేను ఆర్టికల్స్, అంటే సీఏ శిక్షణ, చేసేటప్పుడు అక్కడి సీనియర్ అకౌంటెంట్. కోనసీమ మనిషి. ఆఫీసులో సార్‌కు తప్ప అందరికీ బాబాయే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

ఆ ఆఫీసు గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మేమంతా నవంబర్ చలిలో గంగకు ఎందుకు వెళ్ళామో అర్థం కాదు. ట్యాక్స్ ఆడిట్ రిటర్నులకు ఆఖరి తేదీ ఆ రోజుల్లో అక్టోబర్ 31. తర్వాత ఆ తేదీ ఎన్ని మార్పులు చూసిందో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు తెలుసు. ఆన్‌లైన్ లేదు, అంతా కాగితమే. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ పొద్దున మొదలుపెడితే అర్ధరాత్రి దాకా కర్రుకర్రుమంటూనే ఉండేది. ట్యాక్స్ ఆడిట్‌కు పెట్టే 3సీడీ ఫారాలు, కార్బన్ పేపర్లు, పంచింగ్ మిషను, తెల్ల ట్యాగులు. చివరి రోజు బషీర్‌బాగ్ ఆదాయపు పన్ను ఆఫీసు, ఆయకర్ భవన్‌లో కౌంటర్ల ముందు క్యూ. ఎక్‌నాలెడ్జ్‌మెంట్ మీద గుమాస్తా ధబ్బున స్టాంపు వేసే చప్పుడు వింటే చాలు, సగం జ్వరం దిగిపోయేది. బతుకమ్మ, దసరా ఆ కాగితాల కట్టల కిందే వెళ్ళిపోయేవి. "ఆడపిల్లవి, సద్దుల నాడన్న యాళ్ళకు ఇంటికి రావా" అని అమ్మ ఏటా అనేది. ఏటా నేను చీకటి పడ్డాకే వచ్చేదాన్ని.

గడువు దాటాక సార్ అందరికీ ఒకేసారి సెలవిచ్చేవారు. మామూలుగా తిరుపతో, శ్రీశైలమో వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు ఒక ఆర్టికల్స్ అబ్బాయి ఏదో ఇంగ్లీషు పత్రికలో ఫొటో చూసి వచ్చి "రాఫ్టింగ్" అన్నాడు. ఆ మాట మాలో చాలామంది అప్పుడే వినడం.

"తెప్ప ఎక్కడానికి అంత దూరం ఎందుకురా? మా లంకకు రండి, నాటు పడవ ఎక్కిస్తాను. ఖర్చూ ఉండదు" అన్నారు బాబాయ్ గారు.

ఎవరూ వినలేదు. డబ్బులు కుర్రాళ్ళ చేతిలో పెడితే లెక్కలుండవని ఆయన కూడా బయల్దేరారు. అరచేతి వెడల్పు ఎర్ర అట్ట పుస్తకం ఒకటి జేబులో పెట్టుకున్నారు. నాంపల్లి స్టేషన్‌లో కూలీకి ఇచ్చిన డబ్బుల దగ్గరే మొదటి పద్దు పడింది.

*

ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ. ఇప్పుడు ఆ బండి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది. ఢిల్లీ బస్టాండు నుంచి రాత్రి బస్సులో రిషీకేశ్. బోర్డుల మీద అప్పటికి ఉత్తరాంచల్ అనే ఉంది. అక్కడి నుంచి జీపు. పైన గాలి తీసి చుట్టిన రాఫ్టులు, తెడ్లు, లోపల మేము. బద్రీనాథ్ రోడ్డు మీద అలా దేవప్రయాగ వైపు ముప్పై కిలోమీటర్లకు పైగా వెళ్ళాం. కింద లోయలో నది ఒక మలుపులో కనిపించేది, ఇంకో మలుపులో మాయమయ్యేది. వానలయ్యాక బురద దిగిపోయి నీళ్ళు పచ్చగా ఉన్నాయి. వేసవిలో మంచు కరిగి వచ్చినప్పుడు బూడిదరంగులో ఉంటాయట. జూలై, ఆగస్టుల్లో అసలు నదిలోకి ఎవరినీ దింపరు.

రాత్రి ఇసుక మీదే గుడారాలు. కరెంటు లేదు, లాంతర్లు. ఇసుకలో అభ్రకం రేణువులు లాంతరు వెలుగుకు తళతళమనేవి, పొద్దున చూస్తే బట్టలనిండా అవే. రాత్రంతా నది చప్పుడు. హైదరాబాద్‌లో సీలింగ్ ఫ్యాన్ చప్పుడుకు అలవాటుపడ్డ ప్రాణాలకు మొదట్లో నిద్ర పట్టలేదు. మా క్యాషియర్ అక్క మాత్రం "నాకు గిర్నీ పక్కన ఇల్లు, నాకేం కాదు" అని హాయిగా గుర్రుపెట్టింది.

తెల్లారేసరికి గైడు వచ్చాడు. ఆ కొండల కుర్రాడే, గఢ్వాలీ. మాలో చిన్నవాడైన ఆర్టికల్స్ అబ్బాయి కంటే కూడా చిన్నవాడేమో. ఎండకు ముక్కు మీద చర్మం పొట్టు లేచిపోయి ఉంది. చేతిపంపుతో రాఫ్టుకు గాలి కొట్టాడు. ఒక గొట్టం దగ్గర బుస్సుమంటోందని చూసి, గరుకు కాగితంతో రుద్ది, జిగురు రెండు పూతలు పూసి, ప్యాచ్ వేసి, గట్టిగా ఒత్తాడు. బాబాయ్ గారి సైకిల్ ట్యూబు ప్రశ్నకు నవ్వి, రాఫ్టు అంటే ఒకే పెద్ద ట్యూబు కాదని, లోపల విడివిడి గదులుంటాయని, ఒకటి పోయినా మిగతావి తేలుస్తాయని హిందీలో చెప్పాడు.

"హౌ భయ్యా, ఠీక్ హై" అంది క్యాషియర్ అక్క.

అవుననడానికి మన హైదరాబాదీ మాట అది. "హౌ?" అని ఆ అబ్బాయి ఆగకుండా నవ్వాడు. మధ్యాహ్నానికి వాడే మాకు "హౌ" అని జవాబు చెప్పడం మొదలుపెట్టాడు.

*

ముందు ఇసుక మీదే పాఠం. చున్నీలు జీపులో వదిలేయమన్నాడు. కళ్ళజోళ్ళు దారంతో తల వెనక కట్టుకోవాలి. మెడలో గొలుసులు తీసేయాలి అన్నప్పుడు క్యాషియర్ అక్క "పుస్తెలతాడు తియ్య" అని తేల్చి చెప్పేసింది. గైడు వాదించలేదు. పిన్నీసుతో జాకెట్టు లోపలికి గుచ్చుకోమని, పైన లైఫ్ జాకెట్ బకిల్స్ తనే ఊపిరాడనంత బిగించాడు.

రాఫ్టు అంచు మీద కూర్చోవాలి, లోపల కాదు. పాదాన్ని అడ్డంగా ఉన్న గొట్టం కిందికి దూర్చి పట్టు తెచ్చుకోవాలి. తెడ్డు పైకొసన ఉండే అడ్డపిడి మీద నుంచి చెయ్యి తీయకూడదు, తీస్తే అది పక్కవాళ్ళ పళ్ళు రాలగొడుతుంది. నీళ్ళలో పడితే వెల్లకిలా తేలాలి, కాళ్ళు నది పోయే వైపు చాపి, కాలివేళ్ళు నీటిపైకి కనబడేలా ఉంచాలి. లోతు తక్కువ కదా అని నిలబడకూడదు, రాళ్ళ సందున పాదం ఇరుక్కుంటే వెనకనుంచి వచ్చే నీరు మనిషిని ముందుకు వంచేసి ముంచుతుంది. ఏం జరిగినా తెడ్డు వదలకూడదు. ఇవన్నీ చెప్పి చివరన, "నది చప్పుడులో మీకు ఏదీ వినబడదు. నా గొంతు ఒక్కటే వినండి. ఫార్వర్డ్ అంటే ఫార్వర్డ్. స్టాప్ అంటే స్టాప్. ఎందుకు అని అడగొద్దు" అన్నాడు.

ఎందుకు అని అడగకుండా ఒక్క వోచరైనా పాస్ చేయని మా బాబాయ్ గారు బుద్ధిగా తలూపారు.

నాకు మా అమ్మ చెప్పే పుట్టి సంగతులు గుర్తొచ్చాయి. అమ్మ పుట్టిల్లు సోమశిల వైపు, కృష్ణ ఒడ్డున. ఏరు దాటాలంటే వెదురుబద్దల పుట్టే. గుండ్రంగా ఉంటుంది కాబట్టి అది తిరుగుతూ పోతుంది. ఎక్కినవాళ్ళకు పుట్టివాడు చెప్పేది ఒకే మాట, "కదలకుర్రి". బతికి బట్టకట్టాలంటే గంపలు ఒళ్ళో పెట్టుకుని, పిల్లల్ని అదిమి పట్టుకుని, కదలకుండా కూర్చోవాలి. ఇక్కడేమో అందరూ ఒక్కటిగా కదిలితేనే ఒడ్డెక్కుతాం. ఊరికే కూర్చునే ప్రయాణికుడు రాఫ్టులో ఉండడు.

*

కౌడియాలా దిగువన మొదట వచ్చే ఉరవడి పేరు డేనియల్స్ డిప్. అక్కడ మా ఎనిమిది తెడ్లూ ఎనిమిది దారుల్లో పోయాయి. రాఫ్టు పక్కకు తిరిగింది, ఐసు గడ్డ కరిగించి పోసినట్టు నీళ్ళు మొహాన కొట్టాయి, అందరం అరిచాం. గైడు అరవలేదు. అంతా అయ్యాక, "ముందు కూర్చున్న ఇద్దర్ని చూసి మిగతావాళ్ళు వెయ్యండి" అన్నాడు, అంతే.

తర్వాతిది ది వాల్. ఆ దారి మొత్తంలో అందరూ భయపడేది దానికే. దానికి చాలా ముందే రాఫ్టును ఒడ్డుకు లాగి, మమ్మల్ని బండల మీదుగా నడిపించి, పైనుంచి చూపించాడు. నది చదవడమంటే ఏమిటో అక్కడ మొదటిసారి తెలిసింది. నున్నగా, నాలుకలా, కొస దిగువకు చూపిస్తూ నీళ్ళు దిగుతుంటే అది దారి. అదే కొస ఎగువకు చూపిస్తుంటే కింద బండ ఉన్నట్టు. బండ మీదుగా దూకిన నీరు దాని వెనక గుంటలో పడి మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. మనిషిని పట్టుకునేది అదే. అసలు ఈ ఉరవడి ఇక్కడే ఎందుకుంది అని అడిగితే, పక్క లోయను చెయ్యెత్తి చూపించాడు. వానల్లో ఆ వాగులు కొండ మీది బండల్ని దొర్లించుకొచ్చి నదిలో పడేస్తాయి. నది ఇరుకవుతుంది, ఎగిరి దూకుతుంది. ఉరవడి ఉన్న చోట ఒడ్డు వైపు చూస్తే వాగు నోరు కనిపిస్తుందన్నాడు. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ వాగుల కోసం వెతకడం నాకు ఆటైపోయింది.

భయమున్నవాళ్ళు ఒడ్డు వెంట నడిచి రావచ్చు, సిగ్గేం లేదు అన్నాడు. ఇద్దరు నడిచారు. క్యాషియర్ అక్క నడుస్తుందనుకున్నాం. "పుస్తెలు పిన్నీసేసుకున్న, ఇంకేంది" అని అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది.

ది వాల్‌లో ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. ముందు కూర్చున్న అబ్బాయి వీపు మాయమై, తెల్లటి నీళ్ళు మాత్రమే ఉండటం గుర్తుంది. నా తెడ్డు ఒకసారి గాలిలో తిరగడం గుర్తుంది. వెనకనుంచి ఆ గొంతు మాత్రం ప్రతి మాటా గుర్తుంది. ఫార్వర్డ్. ఫార్వర్డ్. ఆగొద్దు. ఫార్వర్డ్. సార్ కేక వేస్తే రెండో పిలుపుకు గానీ లేవని మా బ్యాచ్ అంతా ఒక్క మాటకు ఒక్కసారే వంగింది. బయటపడ్డాక తెడ్లన్నీ ఆకాశంలోకి లేపి ఒకదానికొకటి టపటపా కొట్టాం. ఆ చెక్కా ప్లాస్టిక్కూ కలిసిన చప్పుడు లోయలో తిరిగి మళ్ళీ మాకే వినిపించింది.

*

రోజంతా ఉరవడులే ఉంటాయని వెళ్ళేముందు అనుకున్నాను. ఎక్కువ సేపు ఉండేది నెమ్మది నీళ్ళే. తెడ్లు ఒళ్ళో పెట్టుకుని, నది తీసుకుపోతుంటే పోవడం. రెండు వైపులా కొండలు, పైన ఎక్కడో రోడ్డు మీద బస్సు హారను. బండల మీద తెల్ల టోపీ పెట్టుకున్న ఎర్ర తోక పిట్ట ఒకటి తోక ఆడిస్తూ ఉండేది. ఒక చోట కొండముచ్చులు నీళ్ళ దాకా దిగొచ్చి మమ్మల్ని తీరిగ్గా చూశాయి.

అలాంటి ఒక నెమ్మది నీళ్ళలోనే గైడు తన ఊరి సంగతి చెప్పాడు. వాళ్ళ అమ్మమ్మది టెహ్రీ. పైన భాగీరథి మీద ఆనకట్ట లేచింది, ఊరు మునుగుతుంది, సగం జనం ఇప్పటికే కొత్త టెహ్రీకి వెళ్ళిపోయారు, ముసలామె మాత్రం ఘంటాఘర్ గంట వినబడని చోట తను ఉండనంటోంది అన్నాడు.

మా అమ్మ ఊరు శ్రీశైలం నీళ్ళలో పోయిందని చెప్పాను. దర్వాజాలు, దూలాలు ఊడదీసి బండ్ల మీద వేసుకొచ్చారని, ఎండాకాలం నీళ్ళు దిగితే సంగమేశ్వరం గుడి బయటపడుతుందని, మా ఊరి మొండిగోడలూ కనబడతాయని అమ్మ అనేదని నా వచ్చీరాని హిందీలో చెప్పాను.

"మరి మీ అమ్మ వెళ్ళి చూసిందా?" అన్నాడు.

"ఒకసారి పోయింది. ఏది ఎవరి ఇల్లో తెలియలేదట."

వాడు ఏమీ అనలేదు. వెనక కూర్చుని నీళ్ళలో తెడ్డుతో చిన్నగా దారి సరిచేస్తూ ఉన్నాడు. టెహ్రీ సొరంగాల తలుపులు 2005 అక్టోబర్ చివర్లో మూశారు. ఆ వార్త పేపర్లో వచ్చిన వారం కూడా మేం 31 గడువు హడావుడిలోనే ఉన్నాం. ఆయకర్ భవన్ క్యూలో నిలబడి చదివాను.

*

శివపురి దగ్గర తిండి. రాజ్మా, అన్నం, పచ్చి ఉల్లిపాయ. తడిసిన నూలు బట్టల్లో వణుకుతూ తింటే అంత రుచిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ దిగువన ఉరవడులు రిటర్న్ టు సెండర్, రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్, క్లబ్ హౌస్. ఈ పేర్లు ఎవరు పెట్టారో గానీ, శివుడి జటలోంచి దిగిన నదిలో ఇవేం పేర్లని బాబాయ్ గారు పొద్దుట్నుంచీ సణుగుతూనే ఉన్నారు.

గోల్ఫ్ కోర్స్‌లో ఆయనే పడ్డారు.

ఒక అల దాటాం, రెండోది దాటాం, మూడో అల మీద రాఫ్టు ఎడమ పక్క లేచింది. పక్కకు చూస్తే ఆయన కూర్చున్న చోటు ఖాళీ. నాకు నోట మాట రాలేదు. అప్పుడు ఆ కుర్రాడి గొంతు వచ్చింది, కంగారు లేకుండా, "బాబాయ్! పైర్ ఊపర్!" అని. మేం పిలిచే పిలుపే వాడికీ అలవాటైపోయింది. నీళ్ళలో ఎర్ర హెల్మెట్ ఒకటి, దాని ముందు రెండు పాదాలు, వాటి కాలివేళ్ళు. చెప్పింది చెప్పినట్టు. కయాక్ అనే చిన్న పడవలో మా వెంట వస్తున్న ఇంకో కుర్రాడు అటు తిరిగేలోపే నీరు ఆయన్ని మా వైపుకే తెచ్చింది. గైడు వంగి లైఫ్ జాకెట్ భుజాల దగ్గర రెండు చేతులా పట్టుకుని, ఒకసారి నీళ్ళలోకి నొక్కి, ఆ ఊపుతోనే వెనక్కి పడుతూ లాగాడు. బాబాయ్ గారు చేప పడ్డట్టు వచ్చి రాఫ్టు మధ్యలో పడ్డారు.

చేతిలో తెడ్డు అలాగే ఉంది.

దగ్గు తగ్గాక మొదట కళ్ళజోడు తడుముకున్నారు. దారానికి వేలాడుతోంది. తర్వాత తెడ్డు గైడు చేతికిస్తూ, "మీ సామాను మీకు అప్పగించాను. చూసుకోండి" అన్నారు తెలుగులోనే. వాడికి ఏం అర్థమైందో, రెండు చేతులా తీసుకుని, కళ్ళకద్దుకుని, మళ్ళీ ఆయనకే ఇచ్చాడు.

"గోదావరిలో ఎప్పుడైనా పడ్డారా బాబాయ్ గారూ?" అని ఆర్టికల్స్ అబ్బాయి అడిగాడు.

"గోదావరి పెద్దమనిషి తరహా. ఇలా తొయ్యదు" అన్నారు.

సాయంత్రం లక్ష్మణ్ ఝూలా కిందుగా వచ్చాం. వంతెన మీద జనం చేతులూపారు. 1930లో తెరిచిన ఆ ఇనుప తాళ్ళ వంతెన మీద అప్పుడు ఆవులు, స్కూటర్లు, సాధువులు, అందరూ నడిచేవాళ్ళు. పాతబడిందని 2019 జూలైలో దాన్ని మూసేయమని ఆదేశించారు.

మేం పడుకున్న ఇసుక గుడారాలూ లేవు. 2015 చివర్లో హరిత ట్రిబ్యునల్ ఆ మేర నది ఒడ్డు ఇసుకలో క్యాంపులు వద్దంది. నాకు బాధే, కానీ తప్పు పట్టలేను. మేం వెళ్ళిన నాడే ఒక్కో ఇసుకమేట మీద ఎన్ని గుడారాలు, వాటి వెనక ఎన్ని మరుగుదొడ్డి గుంటలు ఉన్నాయో కళ్ళారా చూశాను. మొన్నామధ్య మా తమ్ముడి కొడుకు వెళ్ళొచ్చి ఫోన్‌లో వీడియో చూపించాడు. హెల్మెట్‌కు కెమెరా కట్టుకుని తీసిందట. ఒక్కో ఉరవడి ముందు రాఫ్టులు వరసలో నిలబడి ఉన్నాయి. వీడియోకు వాడు పాట తగిలించాడు, గైడు గొంతు ఒక్క ముక్కా వినబడలేదు. ఆ సంగతి వాడికి చెప్తే, "అత్తా, ఒరిజినల్ ఆడియో బోర్ కొడ్తది" అన్నాడు.

*

తిరుగు ప్రయాణంలో, ఢిల్లీ దాటగానే బాబాయ్ గారు ఎర్ర పుస్తకం తీశారు. అది ఆయనతో పాటే గంగలో మునిగింది. కాగితాలు ఉబ్బి, సిరా పాకిపోయి ఉంది. మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, అంకె అంకె అడిగి కొత్త కాగితం మీద రాశారు. రైలు, బస్సు, జీపు, రాఫ్టు, అన్నీ కుదిరాయి. రోడ్డు పక్క కొట్లో గైడుకు తినిపించిన మ్యాగీ దగ్గర ఆగిపోయింది. అది మన తిండి ఖర్చులో రాయాలా, రాఫ్టింగ్ ఖర్చులో రాయాలా అని. గైడు లేకపోతే రాఫ్టింగ్ లేదు కాబట్టి డైరెక్ట్ ఎక్స్‌పెన్స్ అన్నాడు ఆర్టికల్స్ అబ్బాయి. పని అయిపోయాక తిన్నాడు కాబట్టి కాదు అన్నాను నేను. నడిచి వచ్చిన ఇద్దరూ ది వాల్ మేర తమకు తగ్గించాలన్నారు. వాడి చేత నీళ్ళలోంచి లాగించుకున్నది బాబాయ్ గారు కాబట్టి ఆ మ్యాగీ ఆయన సొంత ఖాతాలో వేసుకోవాలని క్యాషియర్ అక్క తీర్పు చెప్పింది. నాగపూర్‌లో నారింజ పండ్లు కొనేదాకా చర్చ సాగింది. అక్కడ ఆయన ఒప్పుకున్నారు.

కాజీపేట దాటాక ఎవరి మిగులు వాళ్ళకు లెక్కపెట్టి ఇచ్చారు. నా వంతు పదకొండు రూపాయల పావలా వచ్చింది. ముట్టినట్టు సంతకం పెట్టమన్నారు, పెట్టాను. రెవెన్యూ స్టాంపు దగ్గర లేదు గానీ, ఉంటే అతికించేవారే.